ఎనిమిదో మెట్టు

చింతపండు గుజ్జు అద్దిన కొబ్బరిపీచుతో దుర్గాశ్రీ ఇత్తడి గుండ్లు తోముతోంది. రెండు కిలోలది అయింది, కిలోది అయింది, అరకిలోది చేతిలో ఉంది. ఆ గుండ్లతో ఇప్పుడెవరూ తూచరు. అందరి దుకాణాల్లోనూ అంకెలు వెలిగే కరెంటు కాటాలే. అయినా పాలకొల్లులో, గుడి వెనక వీధిలో, నాగేశ్వరప్రసాద్ గారి కాటాల దుకాణం తలుపు తెరిచేవేళకి ఆ ఏడు గుండ్లూ అద్దాల బీరువాలో మెరుస్తూ కూర్చోవాలి. అది తాతయ్య నాటి అలవాటు. దుకాణం ఇంటి ముందుగదిలోనే కాబట్టి ఆ పని ఇంటి పిల్లది.

రోజూ పది నిమిషాల్లో తెమిలే పని ఈవేళ తెమలడం లేదు. పులుపు తగిలినప్పుడల్లా ఎడమచెయ్యి చురుక్కుమంటోంది. చూపుడువేలి పక్కన, బొటనవేలి మొదట్లో, పిల్లి గీరినట్టు సన్నటి గీతలు. గీరింది పిల్లి కాదు, కొత్త గిటార్. దాని మెడ పొడుగునా బిగించిన లోహపు మెట్ల కొసల్ని నున్నగా అరగదీయకుండానే డబ్బాలో పెట్టి పంపేశారు. చెయ్యి పైకి జరిగితే గీకుతాయి, కిందికి జరిగితే గీకుతాయి.

కిందటివారం ఈ ఇంటికి రానివాళ్ళ కోసం నాలుగు మాటలు. కాలేజీ స్నేహితురాలి గిటార్ మీద మూడేళ్ళు నేర్చుకున్న దుర్గాశ్రీకి, ఉదయ్‌భాస్కర్ గారి ఆర్కెస్ట్రాలో గిటార్ చోటు ఖాళీ అయిందని తెలిసింది. సొంత ఎలక్ట్రిక్ గిటార్ ఉంటేనే రమ్మన్నారు. తండ్రి ఫోన్లోంచి, దొరికిన వాటిలోకెల్లా చవకది తెప్పించుకుంది. పరీక్షకి వెళితే ఒకే చోట నాలుగుసార్లు అపస్వరం. "చెయ్యి ఇంకా తిరగలేదమ్మా" అన్నారాయన మెత్తగానే. పోనీ ఆదివారం సాయంత్రం ఇంకొక్కసారి రమ్మన్నారు. ఈవేళ గురువారం. నిన్న తండ్రి ఫోన్ చార్జింగ్‌కి పెడుతుంటే ఒక మెసేజ్ ఆమె కంటబడింది. మీరు వాపసు పెట్టిన గిటార్ తీసుకెళ్ళడానికి రేపు ఉదయం మా మనిషి వస్తాడు, అని.

వాపసు పెట్టింది ఆమె కాదు.

ఎవరు పెట్టారో అడగనక్కరలేదు. ఎందుకు పెట్టారో అడగాలి. అడగడం దుర్గాశ్రీకి ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే విద్య. అరకిలో గుండు తోముతూ ఒకలా అనుకుంది. రెండొందల గ్రాములది తోముతూ ఇంకోలా అనుకుంది. వంద గ్రాములది కడిగి తుడిచేసరికి మాటలన్నీ కొట్టుకుపోయాయి.

"ఆ గుండు అరిగి యాభై గ్రాములైపోతుందే, ఇంక వదిలెయ్" అంది కుర్చీలోంచి మామ్మ రత్నమాణిక్యం.

మామ్మకి ఎనభై దాటాయి. చూపు కాస్త తగ్గింది, మాట తగ్గలేదు. ఈ ఇంట్లో గిటార్‌ని మొదట మెచ్చుకున్నది ఆవిడే. డబ్బా విప్పగానే దాన్ని కాటా మీద పెట్టించి, "మూడు కిలోల ఎనిమిదొందలు! నిఖార్సైన సరుకే" అని తేల్చేసింది. ఈ ఇంట్లో మంచిచెడ్డలన్నీ ముందు కాటా ఎక్కాల్సిందే. ఆ తరవాత కొత్త కాటాకి చేసినట్టే పసుపు రాసి, వరసగా కుంకుమబొట్లు పెట్టి, బెల్లంముక్క నైవేద్యం పెట్టింది. ఆ కుంకుమ కాస్తా సౌండు పెంచే గుండీ సందులో పడింది. అప్పట్నించీ గుండీ తిప్పినప్పుడల్లా, అన్నం క్యారేజీ అంత ఉన్న ఆ చిన్న స్పీకర్లోంచి పకోడీలు వేగుతున్నట్టు చప్పుడొస్తుంది. మామ్మ ఆ చప్పుడు కూడా పాటలో భాగమే అనుకుంటోంది.

నాగేశ్వరప్రసాద్ పూజ ముగించుకుని వచ్చాడు. తెల్ల పంచె, పొట్టిచేతుల చొక్కా, నుదుట విభూతి. రెండు అగరొత్తులు వెలిగించి, బల్లమీద వరసగా ఉన్న కాటాల ముందు తిప్పుతున్నాడు.

"నాన్నా."

"ఊఁ."

"గిటార్ వాపసు పెట్టావా?"

అగరొత్తుల చెయ్యి మూడో కాటా దగ్గర ఆగింది. మళ్ళీ తిరిగింది.

"పెట్టాను."

"నన్నడక్కుండానా?"

"అడిగితే వద్దంటావు."

"నిజమే, వద్దంటుంది" అంది మామ్మ.

"నువ్వుండమ్మా." ఆయన అగరొత్తులు గుచ్చి, ఇటు తిరిగాడు. "అది తప్పుడు సరుకు దుర్గా. ఎనిమిది రోజులుగా గోడ అవతల్నించి వింటూనే ఉన్నాను. అంతా బాగానే నడుస్తుంది, ఒకచోటికి వచ్చేసరికి కాలికి రాయి తగిలినట్టు తడబడుతుంది. నువ్వేమో మళ్ళీ మొదట్నించి ఎత్తుకుంటావు. మళ్ళీ అక్కడే. మీ అమ్మనడుగు, నిన్న అన్నం కూడా సరిగ్గా తినలేదంది. తప్పుడు సరుకు మన ఇంట్లో ఒక్కరోజు ఎక్కువున్నా నాకు నిద్రపట్టదు."

"తప్పు గిటార్‌ది కాదు నాన్నా. నాది."

"ఎవరన్నారు?"

"ఉదయ్‌భాస్కర్ గారు. నా చెయ్యి తిరగలేదన్నారు."

"ఆయన నీ గిటార్ పట్టుకుని చూశాడా?"

"లేదు. కూర్చుని విన్నారు."

"పట్టుకుని చూడకుండానే తీర్పు చెప్పేశాడా!"

ఆ అరుపుకి వంటింట్లోంచి తల్లి ఇంద్రజ గరిటెతో సహా వచ్చింది. "ఏంటండీ పొద్దున్నే? వీధిలోకి వినబడుతోంది."

"వినబడనీ."

అన్నాడే గానీ గొంతు వెంటనే తగ్గించాడు. వీధి సంగతి ఆయనకి ఎప్పుడూ గుర్తుంటుంది. గిటార్ డబ్బా వచ్చినరోజు దాన్ని ముందుగుమ్మంలోంచి కాకుండా పెరటిదారిన తెప్పించింది కూడా ఆయనే. కాటాల ప్రసాద్ గారి అమ్మాయి ఆర్కెస్ట్రాలో చేరుతోందట అని నలుగురూ అడిగితే ఏం చెప్పాలో ఆయనకింకా తేలలేదు.

దుర్గాశ్రీ తడిచేతులు తుడుచుకుంది. ఏడు గుండ్లు తోముతూ పేర్చుకున్న మాటలు దొరకలేదు. దొరికినవే అంది.

"ఇది పంపిస్తే ఇంకోటి రావడానికి పదిరోజులు పడుతుంది నాన్నా. ఆదివారానికి నా చేతిలో ఏమీ ఉండదు. నా వెనక ఇద్దరున్నారు ఆ చోటు కోసం. ఇంకోసారి రమ్మని ఆయన అనరు, అనమని నేనూ అడగలేను. ఏం పట్టుకెళ్ళమంటావ్, చీపురా?"

"చీపురైతే కొత్తది ఉందే" అంది మామ్మ.

ఇంద్రజకి నవ్వొచ్చింది. గరిటె అడ్డం పెట్టుకుంది. దుర్గాశ్రీ కూడా నవ్వబోయి ఆగిపోయింది. తండ్రి నవ్వలేదు. కూతురి ఎడమచేతి గీతలకేసి చూస్తున్నాడు. కాసేపు చూసి, కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"పట్రా దాన్ని."

"ఎందుకు?"

"పట్రమ్మా. తప్పు ఎవరిదో పట్టుకుని చూసి చెబుదాం."

దుకాణం వెనకభాగంలో కాటాలు సరిచూసే నల్లరాతి బల్ల ఉంది. దానిమీద నీళ్ళు పోస్తే ఏ పక్కకీ జారవు, అంత మట్టం. ఆ బల్లమీద పాత దుప్పటి పరిచి దుర్గాశ్రీ గిటార్‌ని పడుకోబెట్టింది. ఎర్రగా మొదలై అంచుల్లో నల్లబడే రంగు, ఇంకా అక్కడక్కడా పసుపు మరకలు. నాగేశ్వరప్రసాద్ కిందనుంచి టేకుపెట్టె తీశాడు. మూత తెరిస్తే లోపల వరసగా గాడులు, గాడికొక ఆకురాయి. ముతకది మొదట, ఆ పక్కన దానికంటే సన్నది, ఆ పక్కన ఇంకా సన్నది. ఆఖరి గాడి ఖాళీ. పదకొండేళ్ళుగా అది ఖాళీగానే ఉంది. ఒకసారి ఇంద్రజ అందులో పెన్సిల్ పెడితే ఆయన రెండురోజులు మాట్లాడలేదు.

ఆకురాళ్ళని ముట్టకుండా, పక్కనున్న స్టీలు కొలబద్ద మాత్రం తీశాడు.

"కాటా బాగుందో లేదో ఎలా చూస్తాం?"

చిన్నప్పట్నించీ విన్న ప్రశ్నే. "ఒకే గుండుని పళ్ళెం మీద నాలుగు మూలలా పెట్టి చూస్తాం."

"నాలుగు చోట్లా ఒకటే అంకె రావాలి. ఎక్కడ మారితే జబ్బు అక్కడ. మరి దీనికి మూలలెన్ని?"

"ఆరు తీగలు, ఇరవైరెండు మెట్లు." మనసులో హెచ్చవేసుకుంది. "నూటముప్ఫైరెండు."

"నూటముప్ఫైరెండు చోట్లా పెట్టు వేలు. ఒకటే బరువు. గట్టిగా వద్దు, మెల్లగా వద్దు. స్పీకరు తీసెయ్, ఆ పకోడీల గోల నాకొద్దు."

స్పీకరు లేకపోతే ఆ గిటార్ దోమ పాడినంత సన్నగా పలుకుతుంది. నలుగురూ తలలు దగ్గర పెట్టుకుని వినాల్సి వచ్చింది. లావు తీగతో మొదలుపెట్టి ఒక్కో మెట్టే నొక్కుతూ మీటింది. పలికింది, పలికింది, పలికింది. మామ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, దేవుడి దగ్గరి కుంకుమభరిణె ఒళ్ళో పెట్టుకుంది.

"అదెందుకమ్మా?" అన్నాడు కొడుకు.

"పలకనిచోట బొట్టు పెడతా. లేకపోతే ఎలా గుర్తుంటుందిరా, నూటముప్ఫై చోట్లు?"

"గుండీల దగ్గర మాత్రం వద్దు మామ్మా" అంది దుర్గాశ్రీ.

లావు తీగలు మూడూ గడిచాయి. ఒక్క బొట్టూ పడలేదు. నాలుగోది మొదలైంది. అయిదో మెట్టు దగ్గర 'జిర్'మంది. మామ్మ మెడ పక్కన చిన్న బొట్టు పెట్టింది. ఆరో మెట్టు దగ్గర ఇంకోటి. ఏడో మెట్టు మీదికి వేలు వెళుతుండగా తండ్రి "ఆగు" అన్నాడు.

"అక్కడికి వచ్చేసరికి వేలు బిగిస్తున్నావు."

దుర్గాశ్రీ చూసుకుంది. నిజమే. గోరు తెల్లబడింది.

"ఎందుకు బిగించావు?"

"అక్కడ పలకదు కదా. కొంచెం గట్టిగా నొక్కితే..."

"పలకదని నీకు ముందే తెలుసు. ఎనిమిది రోజులుగా నువ్వు దానికి సర్దుకుపోతున్నావు. సరుకు మనకి సర్దుకోవాలి గానీ మనం సరుక్కి కాదు. మామూలుగా పెట్టు."

మామూలుగా పెట్టింది. మీటింది. పలికింది గానీ, అది పలకాల్సిన స్వరం కాదు.

"ఇప్పుడు ఎనిమిదోది."

నొక్కింది. అదే స్వరం.

"మళ్ళీ ఏడు."

అదే. ఎనిమిది, అదే. ఏడు, అదే.

వీధిలో కొబ్బరికాయల ట్రాక్టరు వెళుతున్న చప్పుడు వినబడుతోంది. దుర్గాశ్రీకి తెలియకుండానే ఆమె వేళ్ళు ఆ రెండు మెట్ల మధ్యా తిరుగుతున్నాయి.

మిగతా రెండు సన్నతీగల మీదా అంతే. చూసేసరికి మెడ ఒకపక్కంతా అయిదు, ఆరు, ఏడు మెట్ల దగ్గర ఎర్రగా బొట్లు. ఎనిమిది దాటాక మళ్ళీ ఒక్కటీ లేదు.

"అయితే జబ్బు ఆ మూడింటికా?" అంది ఇంద్రజ, స్టవ్ మీద కూర సంగతి మరిచిపోయి.

"కాదు." నాగేశ్వరప్రసాద్ తీగల కిందుగా కొలబద్ద ముక్కని మెట్ల మీద ఆనించాడు. నాలుగు, అయిదు, ఆరు. కదల్లేదు. అయిదు, ఆరు, ఏడు. కదల్లేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఒక కొస మీద వేలు వేశాడు. టిక్. రెండో కొస మీద వేశాడు. టిక్. ముల్లు మీద నిలబడ్డ త్రాసుకాడలాగా కొలబద్ద అటూ ఇటూ ఊగుతోంది.

"ఇదిగో దొంగ" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. దొరికినందుకు సంతోషమే ఉంది. "ఎనిమిదో మెట్టు. ఈ పక్కన వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. నువ్వు ఏడు నొక్కినా తీగ వెళ్ళి ఎనిమిది మీద పడుతోంది. నొక్కింది నువ్వు, పలికింది అది."

దుర్గాశ్రీ తన ఎడమచేతి వేళ్ళకేసి చూసుకుంది. కొసలు గట్టిపడి, పక్కలు గీరుకుపోయిన నాలుగువేళ్ళు. ఎనిమిది రోజులుగా ఆ వేళ్ళని ఎన్ని తిట్టిందో. పొట్టివనుకుంది. మొద్దువనుకుంది. గుండ్లు తోమి తోమి పాడయ్యాయనుకుంది. ఆదివారం వెళ్ళకుండా ఉంటే ఎలా ఉంటుందా అని కూడా మొన్నొకసారి అనుకుంది, ఎవరికీ చెప్పలేదు.

"ఏడుస్తున్నావా?" అంది తల్లి.

"లేదమ్మా. నవ్వొస్తోంది." రెండూ నిజమే.

"మెట్టు తన్నుతుంటే పిల్ల చేతిని అంటాడా ఆ భాస్కరం!" అంది మామ్మ. "రేపు మన దుకాణానికి రానీ. కాటా కొంటానంటే చూసి అమ్ము ప్రసాదూ."

నాగేశ్వరప్రసాద్‌కి ఇప్పుడు ఆపుదామన్నా ఆగేలా లేదు. గిటార్‌ని ఎత్తి, ఒక కన్ను మూసి మెడ పొడుగునా చూశాడు. వంపు లేదు. తీగలు బిగించే మరలు ఒక్కోటీ తిప్పి చూశాడు. కొంచెం వదులు, కానీ తీగని మూడుచుట్లు చుడితే నిలుస్తాయి. దుర్గాశ్రీ మూడుచుట్లే చుట్టింది. ఆయన చూసి తలూపాడు. వెనక రేకు విప్పి లోపలి వైర్లు చూశాడు. అతుకులు తొందరగా పెట్టినవే, ఊడేవి మాత్రం కావు. చిన్న కుంచెతో గుండీ సందులోని కుంకుమ దులిపాడు. మెట్ల కొసల మీద తన బొటనవేలు పొడుగునా లాగి చూశాడు. "అబ్బా" అన్నాడు.

"రోజూ గంటలకొద్దీ దీనిమీదా చెయ్యి నడుపుతున్నావు?"

"అలవాటైపోయింది."

"అలవాటు కాకూడదు." గిటార్‌ని దుప్పటి మీద మెల్లగా పెట్టాడు. "చవక సరుకే దుర్గా, అందులో సందేహం లేదు. కానీ తప్పుడు సరుకు కాదు. నేనే తొందరపడ్డాను. చెక్క మంచిదే పెట్టారు, మెడ తిన్నగా ఉంది. ఆఖరున ఒక మనిషి ఒక పూట కూర్చుని మెట్లన్నీ సమం చేసి, కొసలు నున్న చెయ్యాలి. ఆ ఒక్కపూట పని మిగుల్చుకున్నారు. చవకంతా అక్కడొచ్చింది."

దుర్గాశ్రీ ముఖం విచ్చుకుంది. "అయితే ఆ పని మనం చేసేద్దాం నాన్నా! నీ దగ్గర ఇన్ని ఆకురాళ్ళున్నాయి."

ఆయన ఉన్నవాటిలో సన్నదాన్ని తీశాడు. ఎనిమిదో మెట్టు మీదికి తెచ్చాడు. ఆనించలేదు. వెలుతురుకి తిప్పి చూసి, మళ్ళీ గాడిలో పెట్టేశాడు.

"ఇవి ముతకవి. ఇనపకాడల మీద పనికొస్తాయి. దీంతో దానిమీద రెండుసార్లు లాగానంటే ఎనిమిదోది ఏడుకంటే కిందికి పోతుంది. అప్పుడు ఇంకోచోట తన్నుతుంది. పోయిన లోహం మళ్ళీ రాదు." కాస్త ఆగి అన్నాడు. "తప్పు ఎక్కడుందో చెప్పగలను. ఈ పని నా చేతిది కాదు."

ఆయన చూపు ఖాళీ గాడి మీద ఒక్క క్షణం ఆగి, పక్కకి తప్పుకుంది. మామ్మ ఏదో అనబోయింది.

"ప్రసాద్ గారూ! ఆయ్, ఉన్నారాండీ?"

గుమ్మంలో కొరియర్ చినబాబు. నలభై అయిదేళ్ళ మనిషి, భుజాన పెద్ద సంచీ, మెడలో ఫోను. ఈ వీధిలో ఎవరింటికి ఏమొచ్చిందో, ఏది వెనక్కి వెళ్ళిందో ఆయనకి తెలియనిది లేదు.

"గిటారంట కదండీ, రిటర్ను. రండి మరి, తొందరగా ఇచ్చేస్తే అటు మార్కెట్ వైపు వెళ్ళిపోతాను." బల్లకేసి చూసి ఆగిపోయాడు. "ఇదేంటండీ, బొట్లూ అవీను? పెళ్ళికూతుర్ని చేశారా? ఇలాంటిది నేను తీసుకెళితే వాళ్ళు నన్నూ వాపసు పంపేస్తారండి."

"తుడిచేస్తాంలే బాబూ" అంది ఇంద్రజ.

"తుడిచెయ్యండి, పర్లేదు. కానీ ఈవేళే ఆఖరి రోజండి. ఇప్పుడు ఇవ్వకపోతే ఇంక అది ఎప్పటికీ మీదేనండి. తరవాత నన్ను పిలిచినా నేనేం చెయ్యలేను."

నాగేశ్వరప్రసాద్ జేబులోంచి ఫోను తీసి కూతురి ముందు బల్లమీద పెట్టాడు.

"పెట్టింది నేను. అడక్కుండా పెట్టాను, తప్పే. ఇప్పుడు నీ ఇష్టం."

దుర్గాశ్రీ ఫోను చేతిలోకి తీసుకుంది. పంపేస్తే పదిరోజులకి ఇంకోటి వస్తుంది. దానికీ ఆ ఒక్కపూట పని మిగిల్చి ఉంటారు. ఈసారి ఏ మెట్టో. పైగా ఆదివారం పోతుంది. ఉంచుకుంటే ఎనిమిదో మెట్టు ఎప్పటికీ తనది. సరిచేసే చెయ్యి దొరికిందా సరే, దొరక్కపోతే పరీక్షలో మళ్ళీ అదే అపస్వరం. ఈసారి తన వేళ్ళు కావని తనకి తెలుస్తుంది, అంతే. వినేవాళ్ళకి తెలియదు.

గిటార్ మీద పసుపు మరకలు. మెడ పక్కన మామ్మ పెట్టిన తొమ్మిది బొట్లు.

"ఇవ్వనండీ చినబాబు గారూ" అంది. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "జబ్బు ఎక్కడుందో తెలిసిపోయింది. తెలిసిన జబ్బుని ఇచ్చేసి, తెలియనిదాన్ని తెచ్చుకోవడం ఎందుకండీ." ఫోన్లో రద్దు మీట నొక్కింది. మళ్ళీ అడిగింది ఫోను, నిజంగానా అని. నిజంగానే అని నొక్కింది.

చినబాబు ఫోను టింగుమంది. "అయిపోయిందండి. ఇంక మీదే." వెళ్ళాల్సినవాడు వెళ్ళలేదు. గుమ్మానికి ఆనుకుని, "ఇంతకీ ఏంటండీ దాని జబ్బు?" అన్నాడు.

మామ్మ కుంకుమభరిణె మూత పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"సన్న ఆకురాయి కావాలి దానికి" అంది కొడుకుతో. "మీ నాన్న వాడేది. చంద్రం దగ్గరుంది."

ఆ పేరు ఈ ఇంట్లో వినబడి చాలా ఏళ్ళయింది. ఇంద్రజ భర్త ముఖంలోకి చూసింది. దుర్గాశ్రీకి పెదనాన్న చంద్రరావు లీలగా గుర్తు, పొడుగాటి మనిషి, జేబులో ఎప్పుడూ తేనెమైనం వాసన. తాతయ్య పోయాక ఆయన దుకాణంలో వాటా వద్దని, మొగల్తూరు వెళ్ళి వీణలకి మేళం కట్టే పనిలో స్థిరపడ్డాడు. మైనం మీద మెట్లు నిలబెట్టి, ఒక్కోదాన్నీ స్వరానికి సరిపోయేలా అరగదీసే పని. వెళుతూ తండ్రి గుర్తుగా ఆ ఒక్క ఆకురాయి తీసుకెళ్ళాడు. అడిగితే ఇచ్చేవాణ్ణి, అడక్కుండా పట్టుకెళ్ళాడని తమ్ముడి కోపం. అది తిరిగి ఈ పెట్టెలోకి వచ్చేదాకా అన్న గుమ్మం తొక్కనని ఒట్టు.

అడక్కుండా అన్న మాట దగ్గర దుర్గాశ్రీ ఆలోచన ఆగింది. ఇందాక తండ్రి తనకి చెప్పిన మాట కూడా అదే. ఆయనకీ గుర్తొచ్చినట్టుంది. కూతురు తిరిగిచ్చిన ఫోను జేబులో పెట్టుకోబోయి, చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"ఎప్పుడెత్తినా ఇప్పుడెందుకనే అన్నావురా. వాడి పేరు ఎత్తితే లేచి వెళ్ళిపోయావు. సగం మాట నోట్లోనే ఉండిపోయింది నాకు. ఈవేళ పిల్ల కోసం మిగతాది చెప్పేస్తాను, విను." మామ్మ గొంతులో ఎప్పటి వెటకారం లేదు. "నువ్వు ఒట్టు పెట్టుకున్న నెలకి నేను మొగల్తూరు వెళ్ళాను. ఆకురాయి ఇచ్చెయ్యరా, గొడవ వదిలిపోతుందన్నాను. వాడేమన్నాడో తెలుసా? 'నీ చేతికి ఇవ్వనమ్మా. తమ్ముణ్ణి ఆ పెట్టె పట్టుకుని రమ్మను. దాని గాడిలో నా చేత్తో నేనే పెడతాను' అన్నాడు. పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు వాడు. నువ్వేమో ఆకురాయి వస్తే వెళతానంటావు. వాడేమో పెట్టె వస్తే ఇస్తానంటాడు."

చినబాబు గుమ్మం దగ్గర నిటారుగా నిలబడ్డాడు. "మొగల్తూరు నా రూటు కాదండి" అన్నాడు చిన్నగా, ఎవరూ అడక్కపోయినా. "లేకపోతే నేనే..."

వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. ఇంద్రజ కదల్లేదు.

నాగేశ్వరప్రసాద్ కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని, గిటార్‌ని దాని నల్లసంచిలోకి దించి, జిప్పు లాగాడు. సగంలో ఇరుక్కుంది. అది కూడా చవక జిప్పే. దుర్గాశ్రీ చెయ్యి సాయం పట్టింది. తండ్రీ కూతుళ్ళ చేతులు రెండూ కలిసి లాగితే కదిలింది.

ఆయన సంచీ పట్టీలో చెయ్యి దూర్చి వీపున వేసుకున్నాడు. తెల్ల పంచె, విభూతిరేఖలు, భుజం మీదుగా పైకి లేచిన గిటార్ మెడ. టేకుపెట్టె మూత మూసి చంకలో పెట్టుకున్నాడు. పెరటి తలుపు తీసే ఉంది. స్కూటర్ ఆ వైపు కూడా తేవచ్చు.

ఆయన ముందుగుమ్మంలోంచే నడిచాడు. చినబాబు పక్కకి తప్పుకున్నాడు. ఎదురు అరుగు మీద పేపరు చదువుతున్న ఇద్దరు పేపరు దించారు. స్కూటర్ ముందున్న ఖాళీలో టేకుపెట్టె పెట్టి, దానికి ఇటూ అటూ కాళ్ళు ఆనించుకుని, కిక్ కొట్టాడు.

దుర్గాశ్రీ గుమ్మం దాకా పరుగెత్తింది. కుడివైపు తిరిగితే మార్కెట్టు, ఆయన రోజూ వెళ్ళేదారి. ఎడమవైపు నర్సాపురం రోడ్డు, ఆ ఊరు దాటితే మొగల్తూరు.

ఎవరికేసీ చూడకుండా, వెళ్ళొస్తానని కూడా అనకుండా, నాగేశ్వరప్రసాద్ స్కూటర్‌ని ఎడమవైపుకి తిప్పాడు.